ఇన్, ఆన్, ఎట్ దగ్గర పెన్ను ఆగిపోతోందా? మీ ఇంగ్లీషు ఉత్తరాన్ని మీరే సరిచూసుకునే పద్ధతి

సెలవు చీటీ కావచ్చు, తహసీల్దారుకు అర్జీ కావచ్చు, ఉద్యోగానికి దరఖాస్తు కావచ్చు. ఇంగ్లీషులో రాయడానికి కూర్చున్నవాళ్లు అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "ఇక్కడ ఇన్ రాయాలా, ఆన్ రాయాలా, ఎట్ రాయాలా?" నల్గొండలో డిగ్రీ చదివేవాళ్లూ అడుగుతారు, పాలమూరులో పిల్లల బడికి ఉత్తరం రాసే తల్లులూ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది.

ముందే ఒక మాట చెబుతాను. ఇన్, ఆన్, ఎట్, విత్ లాంటి చిన్న మాటలనే ప్రిపోజిషన్లు అంటారు. వాటి జాబితా బట్టీపట్టి బాగుపడినవాళ్లను నేను చూడలేదు. జాబితాలో ఇన్ అంటే "లో", ఆన్ అంటే "మీద", విత్ అంటే "తో" అని ఉంటుంది. ఆ లెక్కన రాస్తే సగం వాక్యాలు తప్పుతాయి. ఆ చిన్న మాట ఎప్పుడూ ఒంటరిగా రాదు. దాని ముందు ఒక క్రియో విశేషణమో ఉంటుంది, తర్వాత ఒక నామవాచకం ఉంటుంది. మూడింటినీ కలిపి నేర్చుకోవాలి.

వ్యాకరణం ఇంతవరకు చాలు: మనం "నల్గొండలో", "నాన్నతో" అని ప్రత్యయాన్ని మాట చివర తగిలిస్తాం. ఇంగ్లీషులో అదే పని చేసే మాట ముందు వస్తుంది: "ఇన్ నల్గొండ", "విత్ మై ఫాదర్". ఆ చిన్న మాటనూ దాని వెంట వచ్చే నామవాచకాన్నీ కలిపి ఇక్కడ పదబంధం అంటున్నాను.

ఉదాహరణలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. సరైన వాక్యాలను మీ నోటుపుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలతో మీరే రాసుకోండి. స్పెల్లింగు సాధన కూడా అయిపోతుంది.

కావలసినవి

- ఈమధ్య మీరే ఇంగ్లీషులో రాసిన కాగితం ఒకటి. అర పేజీ చాలు. పాఠ్యపుస్తకంలోని ఖాళీలు పూరించే అభ్యాసం వద్దు. అందులో తప్పులు వాళ్లు పెట్టినవి, మీకు కావలసింది మీ తప్పులు.
- రెండు రంగుల పెన్నులు, ఒక చిన్న నోటుపుస్తకం.
- ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిన ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ సంస్థల నిఘంటువులను ఫోనులో ఉచితంగా చూడవచ్చు. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు అర్థం చెప్పి ఊరుకుంటుంది. ఏ మాట పక్కన ఏ ప్రిపోజిషన్ వస్తుందో సాధారణంగా చెప్పదు.

1. పదబంధాలన్నిటి కిందా గీత గీయండి

కాగితంలో ప్రతి ప్రిపోజిషన్ కిందా, దాని తర్వాతి నామవాచకం దాకా గీత గీయండి. ఇంకా ఏదీ దిద్దకండి. సరైనవేవో కానివేవో కూడా ఆలోచించకండి.

మనం కలిసి చూడడానికి ఒక సెలవు చీటీ తీసుకుందాం. ఇలాంటివి ఏ కాలేజీ ఆఫీసులోనైనా కట్టలుగా దొరుకుతాయి:

"ఐ యామ్ సఫరింగ్ విత్ ఫీవర్ ఫ్రమ్ త్రీ డేస్. ఎ డాక్టర్ ఎట్ మిర్యాలగూడ టోల్డ్ టు మీ టు రెస్ట్. ఐ విల్ బి ఆబ్సెంట్ టు కాలేజ్ అన్‌టిల్ ఫ్రైడే. ఐ విల్ సబ్మిట్ మై రికార్డ్ అన్‌టిల్ మండే."

గీతలు గీస్తే ఇవి తేలతాయి: విత్ ఫీవర్, ఫ్రమ్ త్రీ డేస్, ఎట్ మిర్యాలగూడ, టు మీ, టు కాలేజ్, అన్‌టిల్ ఫ్రైడే, అన్‌టిల్ మండే. "టు రెస్ట్" కింద గీత వద్దు. అక్కడ టు తర్వాత ఉన్నది క్రియ, నామవాచకం కాదు.

2. ప్రతి పదబంధం ఏ మాటను పట్టుకొని ఉందో బాణం గీయండి

రెండో రంగు పెన్నుతో పదబంధం నుంచి దాని యజమాని మాటకు బాణం గీయండి. "విత్ ఫీవర్" పట్టుకొని ఉన్నది "సఫరింగ్"ను. "టు కాలేజ్" పట్టుకొని ఉన్నది "ఆబ్సెంట్"ను. ప్రిపోజిషన్‌ను నిర్ణయించేది చాలాసార్లు ఆ యజమాని మాటే. కాబట్టి నిఘంటువులో "విత్" కోసం వెతక్కండి, "సఫర్" కోసం వెతకండి. అక్కడి ఉదాహరణల్లో జబ్బుల పేర్ల ముందు "సఫర్ ఫ్రమ్" అని కనబడుతుంది. "ఆబ్సెంట్" కింద చూస్తే "ఆబ్సెంట్ ఫ్రమ్" ఉంటుంది.

నోటుపుస్తకంలో రాసుకునేటప్పుడు మాటను ఒక్కదాన్నే రాయకండి. "సఫర్ ఫ్రమ్ ఫీవర్", "ఆబ్సెంట్ ఫ్రమ్ స్కూల్" అని జంటగా రాయండి. మనవాళ్లు ఎక్కువగా తడబడే జంటలు మరికొన్ని: "గుడ్ ఎట్ మ్యాథ్స్" (గుడ్ ఇన్ అని రాస్తుంటారు), "మ్యారీడ్ టు", "అఫ్రెయిడ్ ఆఫ్", "డిఫరెంట్ ఫ్రమ్", "కంగ్రాట్యులేషన్స్ ఆన్", "పే అటెన్షన్ టు". ఇక "యాంగ్రీ ఆన్ మీ" సంగతి. నా మీద కోపం కాబట్టి ఆన్ అనుకుంటాం. మనిషి మీద కోపమైతే "యాంగ్రీ విత్ మీ" రాయండి, "యాంగ్రీ ఎట్ మీ" కూడా చెల్లుతుంది. విషయం మీద కోపమైతే "యాంగ్రీ అబౌట్ ది డిలే".

3. తప్పు ఏ తెలుగు ప్రత్యయం నుంచి వచ్చిందో చూడండి

అసలు సరుకంతా ఈ మెట్టులోనే ఉంది, తొందరపడకండి. మీ తప్పు పక్కన అంచులో, ఆ వాక్యాన్ని మనసులో అనుకున్నప్పుడు వచ్చిన తెలుగు ప్రత్యయాన్ని రాయండి. పది తప్పులు దిద్దేసరికి రెండు మూడు ప్రత్యయాలే పదే పదే కనిపిస్తాయి. ఎక్కువమంది విషయంలో అవి "నుంచి", "తో", "కి".

"నుంచి" సంగతి చూడండి. "గద్వాల నుంచి వచ్చాను" అంటే "ఐ కేమ్ ఫ్రమ్ గద్వాల", ఇబ్బంది లేదు. "మూడు రోజుల నుంచి జ్వరం" అన్నప్పుడు కూడా చేయి అలవాటుగా ఫ్రమ్ వైపే పోతుంది. అక్కడ కావలసింది "ఫర్ త్రీ డేస్", ఎందుకంటే మూడు రోజులన్నది కాలం పొడవు. "సోమవారం నుంచి జ్వరం" అంటే "సిన్స్ మండే", అది మొదలైన చోటు. పైగా ఫర్, సిన్స్ ఇలా వచ్చినప్పుడు క్రియ కూడా మారాలి: "ఐ హావ్ బీన్ సఫరింగ్". ప్రిపోజిషన్ దిద్ది క్రియను వదిలేస్తే పని సగమే అయినట్టు. "కిటికీ నుంచి చూశాడు" అంటే "త్రూ ది విండో".

"తో" కూడా అంతే. స్నేహితుడితో వస్తే విత్, జ్వరంతో బాధపడితే ఫ్రమ్, నీలం పెన్నుతో ఫారం నింపితే "ఇన్ బ్లూ ఇంక్", ఆమెకు మా అన్నతో పెళ్లయితే "షి ఈజ్ మ్యారీడ్ టు మై బ్రదర్".

ఇందుకు భిన్నంగా, తెలుగు ప్రత్యయమే సాయపడే చోటు ఒకటుంది. ఆరో మెట్టులో చెబుతాను.

4. అక్కర్లేని ప్రిపోజిషన్ తీసేయండి

తెలుగులో "గురించి చర్చించాం", "ఊరికి చేరుకున్నాం", "నాతో చెప్పాడు" అంటాం కాబట్టి ఇంగ్లీషులోనూ ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది. ఈ క్రియల తర్వాత ఏదీ పెట్టకూడదు:

- "డిస్కస్": "వీ డిస్కస్డ్ ది ఫీజ్". అబౌట్ వద్దు. "డిస్కషన్" అన్న నామవాచకం వాడితే మాత్రం అబౌట్ లాంటిది కావాలి.
- "రీచ్": "వీ రీచ్డ్ దేవరకొండ". టు వద్దు.
- "టెల్", "ఆస్క్", "కాల్": "హి టోల్డ్ మీ", "ఐ ఆస్క్‌డ్ హిమ్", "ప్లీజ్ కాల్ మీ".
- "ఎంటర్": గదిలోకి వెళ్లడమైతే "ఎంటర్డ్ ది రూమ్". ఒప్పందం కుదుర్చుకోవడమైతే "ఎంటర్డ్ ఇంటు యాన్ అగ్రిమెంట్".
- "రిక్వెస్ట్": "ఐ రిక్వెస్ట్ యు టు గ్రాంట్ మీ లీవ్".
- "కంప్రైజ్": "ది మండల్ కంప్రైజెస్ ట్వెల్వ్ విలేజెస్". ఆఫ్ కావాలనుకుంటే "కన్సిస్ట్స్ ఆఫ్" రాయండి.

జాగ్రత్త: తీసేయడం అలవాటయ్యాక కావలసిన చోట కూడా తీసేస్తారు. "ఎక్స్‌ప్లెయిన్ మీ" తప్పు, "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ" రాయాలి. "సెడ్ మీ" తప్పు, "సెడ్ టు మీ" సరైనది. "లిజన్ టు", "వెయిట్ ఫర్" కూడా ఇంతే.

"నెక్స్ట్", "లాస్ట్", "దిస్", "ఎవ్రీ" ముందు కాలాన్ని చెప్పే ప్రిపోజిషన్ రాదు. "ఆన్ మండే" సరే, "ఆన్ నెక్స్ట్ మండే" వద్దు, "నెక్స్ట్ మండే" చాలు. "ప్రజావాణి ఈజ్ హెల్డ్ ఎవ్రీ మండే" అనే రాయాలి.

5. చోటు, చిరునామా

మనం చిరునామాను పెద్దదాని నుంచి చిన్నదానికి చెబుతాం: నల్గొండలో, దేవరకొండ రోడ్డులో, ఫలానా మెడికల్ షాపు దగ్గర. ఇంగ్లీషులో చిన్నదానితో మొదలుపెట్టి పెద్దదానికి వెళ్లాలి: "ఎట్ ది మెడికల్ షాప్ ఆన్ దేవరకొండ రోడ్ ఇన్ నల్గొండ". ఈ ఒక్క వాక్యం కంఠతా వస్తే మూడు ప్రిపోజిషన్ల గొడవ చాలావరకు తీరుతుంది. ఖచ్చితమైన బిందువుకు ఎట్, రోడ్డుకు ఆన్, ఊరికి ఇన్. ఇంటి నంబరు రాస్తే ఎట్.

విద్యాసంస్థ పేరుకు ఎట్, అది ఉన్న ఊరికి ఇన్: "షి స్టడీస్ ఎట్ పాలమూరు యూనివర్సిటీ ఇన్ మహబూబ్‌నగర్". హైవే పక్కనో నది ఒడ్డునో ఉన్న ఊరికి ఆన్: "జడ్చర్ల ఈజ్ ఆన్ నేషనల్ హైవే 44", "ఆలంపూర్ ఈజ్ ఆన్ ది బ్యాంక్ ఆఫ్ ది తుంగభద్ర". నాగార్జునసాగర్ ఆనకట్టకు "ఆన్ ది కృష్ణ" అన్నా సరే, నదికి అడ్డంగా అనే అర్థంలో "అక్రాస్ ది కృష్ణ" అన్నా సరే.

చిరునామాల్లో తరచూ దొర్లే మూడు పొరపాట్లు ఇవి. కొరియర్ అబ్బాయి దారి తప్పడానికి రెండోది ఒక్కటే చాలు.

"నియర్‌బై క్లాక్ టవర్" అని రాయకండి. "నియర్ ది క్లాక్ టవర్".

"ఎదురుగా" అన్న మాట మనకు రెండు రకాలుగా పనికివస్తుంది. మీ ఇల్లు బస్టాండుకు రోడ్డు అవతల ఉంటే "ఆపోజిట్ ది బస్ స్టాండ్". రోడ్డుకు ఇవతలే, బస్టాండు ముందుభాగంలో ఉంటే "ఇన్ ఫ్రంట్ ఆఫ్ ది బస్ స్టాండ్". రోడ్డు దాటాలా వద్దా అని మిమ్మల్ని మీరే అడగండి, మాట తేలిపోతుంది.

"బిసైడ్" అంటే పక్కన. "బిసైడ్స్" అంటే అంతేకాకుండా. "బిసైడ్స్ ది బ్యాంక్" అని చిరునామాలో రాస్తే "బ్యాంకు కాకుండా" అన్నట్టవుతుంది.

ప్రయాణానికి: "బై బస్", "బై ట్రైన్". మధ్యలో ఎ, ది, మై ఏదైనా వస్తే బై పనికిరాదు. "ఆన్ ది సెవెన్ ఓక్లాక్ బస్", "ఇన్ మై బ్రదర్స్ కార్", "ఇన్ యాన్ ఆటో", "ఆన్ ఎ బైక్". మన దేశంలో "ఇన్ ది బస్" అని విరివిగా రాస్తారు, అర్థమవుతుంది కూడా. పరీక్షలోనూ దరఖాస్తులోనూ "ఆన్ ది బస్" అనే రాయండి.

6. కాలం, గడువు

గడియారం సమయానికి ఎట్, రోజుకూ తేదీకీ ఆన్, నెలకూ ఏడాదికీ ఇన్. ఇక్కడ కూడా చిన్నదే ముందు: "ఎట్ 9 ఎ.ఎం. ఆన్ 15 ఆగస్ట్". "ఇన్ ది మార్నింగ్" సరే, రాత్రికి మాత్రం "ఎట్ నైట్". రోజు పేరు తోడైతే ఇన్ పోయి ఆన్ వస్తుంది: "ఆన్ మండే మార్నింగ్".

ఒకే విషయాన్ని ఎన్ని రకాలుగా రాయవచ్చో చూడండి. 2016 అక్టోబర్ 11న, దసరా రోజున, సూర్యాపేట జిల్లా అయింది. "సూర్యాపేట బికేమ్ ఎ డిస్ట్రిక్ట్ ఇన్ 2016." తేదీ చెబితే "ఆన్ 11 అక్టోబర్ 2016." ఇప్పటిదాకా సాగుతున్నదిగా చెబితే "సూర్యాపేట హాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 2016." అంతకుముందు సంగతి చెబితే "అన్‌టిల్ 2016, సూర్యాపేట వాజ్ ఇన్ నల్గొండ డిస్ట్రిక్ట్." మీ ఊరి గురించో మీ ఉద్యోగం గురించో ఇలా నాలుగు వాక్యాలు రాసి చూడండి. యాభై ఖాళీలు పూరించడం కంటే ఇది ఎక్కువ పని చేస్తుంది.

ఇప్పుడు గడువు సంగతి. బై, అన్‌టిల్ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. తెలుగు ప్రత్యయం సాయం చేసే చోటు ఇదే. "సోమవారంకల్లా", "సోమవారంలోగా" అంటే బై. "సోమవారం దాకా" అంటే అన్‌టిల్. రికార్డు సోమవారంకల్లా ఇస్తారు, ఒక్కసారి ఇస్తే అయిపోతుంది, కాబట్టి "ఐ విల్ సబ్మిట్ మై రికార్డ్ బై మండే". సెలవు శుక్రవారం దాకా సాగుతుంది, కాబట్టి "ఆబ్సెంట్ అన్‌టిల్ ఫ్రైడే".

చిక్కు "వరకు" దగ్గర వస్తుంది. "జులై 10 వరకు ఫీజు కట్టవచ్చు" అని నోటీసుల్లో చూస్తాం. అలా తీసుకుంటూ ఉంటారని చెబితే "ఫీజ్ విల్ బి యాక్సెప్టెడ్ అన్‌టిల్ 10 జులై". మీరు కట్టి తీరాలని చెబితే "ఫీజ్ మస్ట్ బి పెయిడ్ బై 10 జులై". తేదీ ఒకటే, క్రియ మారింది కాబట్టి ప్రిపోజిషన్ మారింది.

హెచ్చరిక: "అన్‌టిల్ ఫ్రైడే" అంటే శుక్రవారం కూడా రారా, లేక శుక్రవారం వస్తారా? చదివేవాళ్లకు తేలదు. సెలవు చీటీలోనూ డబ్బు వ్యవహారంలోనూ ఈ మాటను నమ్ముకోకండి. "ఫ్రమ్ 4 టు 7 ఆగస్ట్" అని తేదీలు రాసి, "ఐ విల్ రిటర్న్ ఆన్ 8 ఆగస్ట్" అని చేర్చండి. ఫ్రమ్‌కు జోడీ టు, బిట్వీన్‌కు జోడీ యాండ్. "బిట్వీన్ 4 టు 7" అని కలగలపకండి.

"ఇన్ టూ డేస్" అంటే సాధారణంగా ఇవాళ్టి నుంచి రెండు రోజులకు. రెండు రోజుల లోపు ఎప్పుడైనా అని చెప్పాలంటే "వితిన్ టూ డేస్". "ఆన్ టైమ్" అంటే చెప్పిన వేళకే. "ఇన్ టైమ్" అంటే ఆలస్యం కాకముందే, పని చెడకుండా.

7. ప్రిపోజిషన్ తర్వాత ఏముందో చూడండి

సర్వనామమైతే ఐ, హి, షి, దే కాదు, మీ, హిమ్, హర్, దెమ్ రావాలి. "ఫర్ మై బ్రదర్ అండ్ ఐ" అని రాస్తే గొప్పగా వినిపిస్తుందని కొందరి నమ్మకం. "మై బ్రదర్ అండ్" తీసేసి చదవండి. "ఫర్ ఐ" అని ఎవరూ అనరు కాబట్టి "ఫర్ మై బ్రదర్ అండ్ మీ".

క్రియ రావలసి వస్తే దానికి ఇంగ్ చేరాలి: "బిఫోర్ సైనింగ్ ది ఫారమ్", "ఇన్‌స్టెడ్ ఆఫ్ గోయింగ్". దరఖాస్తుల చివర వచ్చే "ఐ లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు" అందుకే తప్పు, "టు హియరింగ్" అని ఉండాలి.

ఎందుకు వచ్చారో చెప్పేటప్పుడు మాత్రం ఫర్ వదిలేయండి. "ఐ కేమ్ ఫర్ టేకింగ్ మై సర్టిఫికెట్" కాదు, "ఐ కేమ్ టు టేక్ మై సర్టిఫికెట్".

8. పదబంధాన్ని దాని యజమాని పక్కకు జరపండి

రెండో మెట్టులో గీసిన బాణాలు ఇక్కడ పనికివస్తాయి. బాణం పొడవుగా ఉండి మరో నామవాచకం మీదుగా పోతుంటే వాక్యం నవ్వు తెప్పించే ప్రమాదం ఉంది. "ఐ లాస్ట్ ఎ బ్లాక్ బ్యాగ్ ఆన్ ది బస్ విత్ ఎ బ్రోకెన్ జిప్." ఇందులో జిప్పు ఊడింది బస్సుకు. "ఐ లాస్ట్ ఎ బ్లాక్ బ్యాగ్ విత్ ఎ బ్రోకెన్ జిప్ ఆన్ ది బస్" అంటే బ్యాగు బ్యాగే, బస్సు బస్సే.

నవ్వు రాకపోయినా అర్థం మారే సందర్భాలు ఇంకా ప్రమాదం. "ఐ రోట్ టు ది కలెక్టర్ అబౌట్ ది రోడ్ ఇన్ జూన్." జూన్‌లో రాశారా, జూన్ నాటి రోడ్డు గురించి రాశారా? "ఇన్ జూన్, ఐ రోట్ టు ది కలెక్టర్ అబౌట్ ది రోడ్" అనండి. కాలాన్ని చెప్పే పదబంధాన్ని వాక్యం మొదటికి తేవడం దాదాపు ఎప్పుడూ క్షేమం. అది పొడవుగా ఉంటే తర్వాత కామా పెట్టండి.

ఇక్కడే ఏకవచన, బహువచనాల తప్పు కూడా పట్టుబడుతుంది. "ది లిస్ట్ ఆఫ్ స్టూడెంట్స్ ఫ్రమ్ వనపర్తి అండ్ కొల్లాపూర్ ఆర్ అటాచ్డ్." రెండు పదబంధాలనూ వేలితో మూసి చదవండి: "ది లిస్ట్ ఆర్ అటాచ్డ్". తప్పు దానంతట అదే బయటపడింది, "ఈజ్ అటాచ్డ్" అని ఉండాలి. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్" కూడా ఇదే లెక్క. ఫ్రెండ్స్ అని బహువచనం తప్పదు, క్రియ మాత్రం ఏకవచనం.

పదబంధాలు వరసగా నాలుగైతే రెండుకు తగ్గించండి. ఆఫీసు ఉత్తరాల్లో "విత్ రిఫరెన్స్ టు", "ఇన్ రెస్పెక్ట్ ఆఫ్", "విత్ రిగార్డ్ టు" అని మొదలుపెడితే గౌరవం పెరుగుతుందని అనుకుంటారు. పెరిగేది పొడవు. అబౌట్ అన్న ఒక్క మాట ఆ పని చేస్తుంది. పాత ఉత్తరం సంఖ్య ప్రస్తావించేటప్పుడు మాత్రం "విత్ రిఫరెన్స్ టు" ఉంచండి.

వాక్యం ప్రిపోజిషన్‌తో ముగియకూడదని బడిలో చెప్పి ఉంటారు. ఇంగ్లండు కవి జాన్ డ్రైడెన్ 1672లోనే అలా ముగించడాన్ని తప్పుపట్టాడు, ఆ పట్టింపు ఇప్పటికీ వదల్లేదు. "విచ్ బస్ డిడ్ యు కమ్ ఆన్?" అన్నది శుభ్రమైన ఇంగ్లీషు. నిశ్చింతగా రాయండి.

9. సరిచూసుకోండి

ఫోనులోని గ్రామర్ యాప్ "డిస్కస్ అబౌట్" లాంటివి పట్టుకుంటుంది. ఫీజు వాక్యాల్లో చూసిన బై, అన్‌టిల్ తేడానూ జిప్పు ఊడిన బస్సునూ పట్టుకుంటుందని నమ్మలేం. వ్యాకరణం ప్రకారం అవి తప్పు కావు, మీ మనసులో ఉన్నదేమిటో దానికి తెలియదు. అందుకని యాప్ తర్వాత ఈ మూడూ మీరే చేయండి.

మొదటిది, పదబంధాలను మూసి మిగిలిన వాక్యం చదవండి. కర్తా క్రియా నిలబడుతున్నాయా? రెండోది, ప్రతి బాణాన్నీ మళ్లీ చూడండి. కాలికి సరిపడే చెప్పులా పదబంధం తన యజమాని మాటకే సరిపోవాలి, పక్కదానికి కాదు. మూడోది, కాగితాన్ని ఇంట్లో ఇంకొకరికి ఇచ్చి తేదీలూ చోట్లూ తెలుగులో చెప్పమనండి. వాళ్లు చెప్పింది మీరు అనుకున్నదానికి వేరైతే, వాళ్లకు ఇంగ్లీషు రాదని అనుకోకుండా వాక్యం మార్చండి.

నిఘంటువు చూసినా అనుమానం తీరకపోతే వాక్యాన్నే మార్చేయండి, అది ఓటమి కాదు. "డ్యూ టు" పెట్టాలో "ఓయింగ్ టు" పెట్టాలో తేలడం లేదా? "బికాజ్ ఐ వాజ్ ఇల్" అని రాసి ముందుకు సాగండి.

మన సెలవు చీటీ ఇప్పుడు ఇలా ఉంది:

"ఐ హావ్ బీన్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్. ఎ డాక్టర్ ఇన్ మిర్యాలగూడ హాజ్ టోల్డ్ మీ టు రెస్ట్. ఐ విల్ బి ఆబ్సెంట్ ఫ్రమ్ కాలేజ్ ఫ్రమ్ 4 టు 7 ఆగస్ట్ అండ్ విల్ రిటర్న్ ఆన్ 8 ఆగస్ట్. ఐ విల్ సబ్మిట్ మై రికార్డ్ బై మండే."

మూడో వాక్యంలో ఫ్రమ్ రెండుసార్లు వచ్చింది. తప్పేమీ లేదు, ఒకటి ఆబ్సెంట్‌ది, రెండోది తేదీది. చెవికి ఇబ్బందిగా ఉంటే "ఐ విల్ నాట్ బి ఏబుల్ టు అటెండ్ కాలేజ్ ఫ్రమ్ 4 టు 7 ఆగస్ట్" అనవచ్చు. అటెండ్ తర్వాత ప్రిపోజిషన్ అక్కర్లేదని గమనించండి.

మీరే దిద్దండి

కింది వాక్యాల్లో తప్పులున్నాయి. జవాబులు చూడకముందే గీతలూ బాణాలూ గీయండి.

అ) "మై సిస్టర్ ఈజ్ వర్కింగ్ ఇన్ నారాయణపేట ఫ్రమ్ 2019."
ఆ) "వీ రీచ్డ్ టు అచ్చంపేట ఇన్ నైట్."
ఇ) "ది కాపీస్ ఆఫ్ మై మార్క్స్ మెమో ఈజ్ ఎన్‌క్లోజ్డ్."
ఈ) "మై హౌస్ ఈజ్ బిసైడ్స్ ది పోస్ట్ ఆఫీస్ ఎట్ కల్వకుర్తి."
ఉ) "ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మీ అబౌట్ ది హాస్టల్ రూల్స్."

జవాబులు: అ) హాజ్ బీన్ వర్కింగ్, సిన్స్ 2019. ఆ) రీచ్డ్ అచ్చంపేట ఎట్ నైట్. ఇ) కాపీస్ బహువచనం కాబట్టి "ఆర్ ఎన్‌క్లోజ్డ్", వేలితో మూసి చదివితే దొరికిపోయేదే. ఈ) బిసైడ్, ఇన్ కల్వకుర్తి. ఉ) "ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ ది హాస్టల్ రూల్స్ టు మీ." ఇక్కడ "ప్లీజ్ టెల్ మీ అబౌట్ ది హాస్టల్ రూల్స్" అని రాసినవాళ్లకు కూడా మార్కులు ఇచ్చేయవచ్చు.